కదలకుంటే వణికే తెర

జులై 3

తెర వణికింది. ఒక్క రెప్పపాటు. మళ్ళ దానంతట అదే కుదురుకుంది.

కరెంటు అనుకున్న. వానకాలంల జహీరాబాద్ వోల్టేజీని నమ్మినోళ్ళు బాగుపడ్డది లేదు. వైరు పీకి బ్యాటరీ మీద నడిపిన. బ్యాటరీకి వానేంది, గాలేంది. మళ్ళ వణికింది.

ఏం చేస్తం. మనుమరాలు ప్రణీత ఇడిసిపెట్టిన లాప్‌టాప్ ఇది. హైదరాబాద్‌ల నౌకరి దొరకంగనె కొత్తది కొనుక్కొని, దీంట్ల లినక్స్ ఎక్కించి నాకు ఇచ్చింది. "విండోస్ మోసే బలం దీనికి లేదు నానమ్మా. లినక్స్ అయితే నీ లెక్కనే తక్కువ తిని ఎక్కువ పని చేస్తది" అన్నది. పొగిడిందో తిట్టిందో ఇప్పటికీ తేలలే.

జులై 5

ఇంటర్ తెలుగు మీడియం పిల్లలకు భౌతికశాస్త్రం నోట్సు టైపు చేస్తున్న కద, కాంతి పాఠం కాడికి వచ్చిన. వాక్యం నడుమ ఆగి ఒక మాట కోసం వెతుక్కుంటుంటె వణికింది. రాయబోతె ఊకున్నది. ఎడమ మూలకు జర ఎక్కువ. చిన్న మెరుపు లెక్క.

కొడుకు ఎరువుల దుకాణం నుంచి అన్నానికి వచ్చిండు. పిలిచి చూపించిన. బస్వరాజ్ కూసుంటనె మౌస్ పట్టుకొని గిరగిర తిప్పిండు.

"యాడ వణుకుతున్నదే అమ్మా? బంగారం లెక్క ఉన్నది."

"జర ఆగు."

"ఎంతసేపు ఆగాలె? దుకాణంల యూరియా కోసం మంది కొట్టుకుంటున్రు."

"పో. వాళ్ళనే కొట్టుకోనియ్యి."

పోయిండు. వాడు గడప దాటినంక వణికింది. తండ్రి పోలిక. ఆయన కూడ ఇంట్ల ఏది పాడైనా చూసి "మంచిగనే ఉన్నది" అనేటోడు. ఫ్యాను మీద పడ్డ దినం కూడ.

జులై 6

వణుకుడు.

జులై 8

మాపటికి కోడలు చూసింది. నవత కోహీర్ పోస్టాఫీసుల పని చేస్తది, దినాం షేర్ ఆటోల పోయి వస్తది. వచ్చేసరికి ఒళ్ళంత దుమ్ము, మూతి ముడుచుకొని ఉంటది. అయినా చూస్త అన్నది. కిందికి పైకి జరిపింది, ఒక కిటికీ తెరిచింది, ఒకటి మూసింది.

"ఏం లేదు అత్తమ్మా."

"అయితే నేను అబద్ధం చెప్తున్ననా?"

"గట్ల ఎవరన్నరు. ఒకసారి కండ్లు చూపించుకుందమా? శుక్లాల ఆపరేషన్ అయ్యి రెండేండ్లు దాటె."

"కంప్యూటర్‌కు జ్వరమొస్తె నాకు సూదేయిస్తవా?"

లోపలికి పోయి బియ్యం కడిగింది. నవత కోపం చప్పుడు చెయ్యదు, వంటల తేలుతది. ఇయ్యాల పప్పుల ఉప్పు లేదు.

జులై 9

గిర్నీల పట్టించుకొచ్చిన జొన్నపిండి నిండ నుసి. నల్లగ, సన్నగ, ఎగురుతున్నట్టు. జల్లెడ పట్టిన. మళ్ళ పట్టిన. పోలే.

"పురుగు పట్టిన జొన్నలు పోసినవు" అన్న.

నవత పళ్ళెం వెలుతురుకు పట్టుకొని చూసింది. "తెల్లగ ఉన్నది అత్తమ్మా."

"నీకు అన్నీ తెల్లగనే ఉంటయి. పోస్టాఫీసుల ముద్రలేసి ఏసి కండ్లకు మసి పట్టింది."

మాట జర ఎక్కువైంది. ఆ పూట రొట్టెలు కొట్టలే. అన్నం వండి పెట్టింది. అన్నంల నుసి కనబడలే. అన్నం తెల్లగ ఉంటది కద. పిండి కూడ తెల్లగనే ఉంటది అనుకో.

జులై 10

ఏం రాయలే.

జులై 11

రెండు వీధుల అవుతలి నుంచి కులసుం వచ్చింది. ఒక్క బడిల పనిచేసినం. నేను ఫిజిక్స్, ఆమె ఉర్దూ మీడియంల లెక్కలు. రిటైరైనంక ఆమె మోకాళ్ళు అరిగినయి, నా నోరు పదునెక్కింది. చాయ్ తాగుకుంట తెర సంగతి విన్నది.

"ఒక్క కన్ను మూసి చూసినవా మనోరమా?"

"చూసిన."

"మల్ల?"

"చాయ్ చల్లారుతున్నది, తాగు."

చూడలే.

ఎందుకు చూడాలె? బ్యాటరీ మీద వణికింది, కరెంటు మీద వణికింది, పొద్దున వణికింది. రోగం యంత్రంల ఉన్నదని ఇంత సాక్ష్యం ఉంటె కన్ను మూసుకొని ఆటలాడనీకె నేను చిన్నపిల్లనా? ల్యాబుల పిల్లలకు చెప్తుంటి: ఒక్కసారికి ఒక్కటే మార్చాలె, ఏమైందో రాసుకోవాలె, మళ్ళ ఇంకొకటి. గట్లనే చేస్త. ముందు యంత్రం.

జులై 12

లినక్స్ వాడేటోళ్ళ ఫోరంలు పొద్దటి సంది చదువుతున్న. లోకంల వణికే తెరలు ఇన్ని ఉన్నయా! ఒకడు కష్టం చెప్పుకుంటడు. ఇంకొకడు "పాత జవాబులు చదివి అడుగు" అని కసురుతడు. మూడోవాడు మందు చెప్తడు. మొదటివాడు పనిచేసిందో లేదో చెప్పకుంటనె మాయమైతడు. అచ్చం మా స్టాఫ్ రూము.

మొదటి మందు: తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్తబడాలె అన్న అంకె సరి చూసుడు. సరిగనే ఉన్నది. గుణం లేదు.

ఫోన్ల ప్రణీతను అడిగితె "రీస్టార్ట్ చేసినవా నానమ్మా?" అన్నది. పిల్లను ఇంజనీరింగ్ చదివించినం.

జులై 13

రెండో మందు. కంప్యూటర్ లేచేటప్పుడే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కకు కూసోబెట్టాలెనట. చేసిన. వణుకుడు టక్కున ఆగింది. గానీ అక్షరాలు ఎడ్లంత అయినయి, వెలుగు తగ్గమంటె తగ్గది, పొద్దు మొఖాన నిలబడ్డట్టు ఉన్నది. దగ్గు ఆగాలని గొంతు పిసికినట్టు.

తెర ఆగినంక కూడ ఎడమ మూల ఒకసారి మెరిసింది. అది వేరే. కిటికీ అవుతల ఎవరిదో బండి అద్దం.

తీసేసిన. పాత లెక్కనే వణుకుతున్నది. అయినా ఒక సంగతి తేలింది: తప్పు డ్రైవర్‌ది. తెరది కాదు. వోల్టేజీది కాదు. ఇంకెవరిదీ కాదు.

జులై 14

నవత నన్ను అడగకుంటనె హైదరాబాద్ కండ్ల దవాఖానల టైము తీసుకున్నది. వచ్చే శనివారం. బస్వరాజ్ కార్ మాట్లాడిండట. ఇద్దరూ కలిసి నా ముంగటనె నా సంగతి మాట్లాడుకున్నరు.

"అమ్మ వద్దంటె ఊకుందమా?"

"ఊకుంటె ఎట్ల? మీ పెద్దమ్మను చూడలేదా?"

అక్క మాట ఎత్తింది. ఈ ఇంట్ల ఎత్తరాని మాట.

రాయికోడ్‌ల నారమ్మక్క అంటె ఊరందరి పెండ్లిళ్ళు, తగాదలు, అప్పగింతలు నోట్ల పెట్టుకొని తిరిగే మనిషి. కండ్లు పోయినంక గడప కాడ కూసొని, అడుగుల చప్పుడు వినబడ్డప్పుడల్ల "ఎవరు?" అనేది. పిల్లలు కావాలనె పలకకపోయేది. "ఎవరు? ఎవరు?" మెడ అటు తిప్పి ఇటు తిప్పి. అన్ని మాటలున్న మనిషికి చివరికి ఒక్క మాట మిగిలింది.

నాది గట్ల కాదు. నాది డ్రైవర్.

జులై 16

దొరికింది.

రాస్తుంటె ఊకుంటది, ఆలోచిస్తె వణుకుతది. ఇన్ని దినాలు కండ్ల ముంగట పెట్టుకొని చూడకపోతిని. ఫోరంల ఒకాయన అదే రాసిండు: నేను కదిలిస్తె బాగుంటది, ముట్టకుంటె రోగం.

సంగతి ఏందంటె, తెర మీద ఏదీ కదలకుంటె కరెంటు మిగిలించాలని డ్రైవర్ బొమ్మలు పంపుడు ఆపుతది. "పాత బొమ్మనె పట్టుకొని ఉండు" అని తెరకు అప్పజెప్పి తను కునుకు తీస్తది. తెరకు ఆ పట్టుకునుడు చాతకాదు, చేతులు వణుకుతయి. ఎవడన్న మౌస్ ముట్టంగనె డ్రైవర్ ఉలిక్కిపడి లేస్తది, అంతా సర్దుకుంటది. ఇనస్పెక్టర్ వచ్చిన దినం బడి ఉన్నట్టు.

గందుకే బస్వరాజ్‌కు కనబడలే, నవతకు కనబడలే. చూడనీకె వచ్చినోళ్ళు అందరూ కదిలించిన్రు. ఒట్టిగ కూసొని చూసింది నేనొక్కదాన్నే.

జులై 17

ఇయ్యాల నవతను కుర్చీల కూసోబెట్టిన.

"చేతులు ఒడిల పెట్టుకో. దేన్నీ ముట్టకు."

"ఎంతసేపు అత్తమ్మా?"

"నీ సీరియల్‌ల కోడలు ఏడుపు ఆపేదాంక."

కూసున్నది. కుక్కర్ కూత పెట్టింది. లేవబోయింది.

"లేవకు!"

"పప్పు మాడుతది."

"మాడనియ్యి. ఉప్పులేని పప్పు తిన్నోళ్ళం, మాడిన పప్పు తినమా?"

నవ్వు ఆపుకుంట కూసున్నది. మళ్ళ కూత. అంతల—

"అయ్యో! వణికింది! అత్తమ్మా, వణికింది!" అని తెర దిక్కు వేలు పెట్టి, నన్ను చూసి, మళ్ళ తెరను చూసింది. "నిజంగనె వణికింది!"

"నేను చెప్తె అబద్ధం, నువ్వు చూస్తె నిజం."

"తప్పయింది అత్తమ్మా. మీ కండ్లు కాదు."

ఆ మాట మళ్ళ చెప్పించుకోవాలనిపించింది. చెప్పించుకున్న కూడ. బస్వరాజ్ వచ్చినంక వాని ముంగట.

శనివారం దవాఖాన టైము నవతనె ఫోన్ చేసి రద్దు చేసింది. "అమ్మ గెలిచింది" అని బస్వరాజ్ కార్ వద్దన్నడు.

మస్తు దినాలకు కడుపు నిండ తిన్న. పప్పు మాడింది.

జులై 19

శనివారం. ఇంట్లనె ఉన్న.

మందు పేరు ఇది, మళ్ళ అక్కరకు వస్తదని రాసి పెడుతున్న: i915.enable_psr=0. కంప్యూటర్ లేచేటప్పుడు చదువుకునే ఫైల్‌ల ఒక వరుస ఉంటది, దాంట్ల చేర్చాలె. "కునుకు తియ్యకు" అని డ్రైవర్‌కు హుకుం. కొటేషన్ గుర్తుల లోపల రాయాల్సింది బయట రాసిన. పనిచెయ్యలే. పిల్లలైతె దీనికి మార్కులు కోద్దును.

జులై 20

లోపల రాసిన. ఆ ఫైల్ మార్పు ఒప్పుకునే కమాండు కొట్టిన, రీస్టార్ట్ చేసిన.

చేతులు ఒడిల పెట్టుకొని కూసున్న. తెర రాయి లెక్క నిలబడ్డది. చాయ్ తాగిన, పేపర్ చదివిన, మళ్ళ వచ్చి చూసిన. రాయి.

ఫోరంల ఆ పెద్దమనిషికి థాంక్స్ రాసిన. పనిచేసిందని చెప్పి మాయమైన మొదటి మనిషిని నేనే అయి ఉంట.

కులసుంకు ఫోన్ చేసిన. "ముబారక్" అన్నది. కన్ను సంగతి అడగలే. నేను చెప్పలే.

జులై 21

తెర కదులుతలేదు.

ఎడమ మూల మెరిసింది.

జులై 22

తెర మూత పెట్టిన. మెరిసింది.

జులై 23

ట్యూబ్‌లైట్ చోక్ పోతున్నట్టుంది.

జులై 24

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ట్యూబ్‌లైట్ మార్పించిన. "పాతది మంచిగనే ఉండె కద అమ్మా" అన్నడు. మగోళ్ళందరికి ఒకటే పాట.

జులై 25

చోక్ కాదు.

జులై 26

ఇయ్యాల మూసి చూసిన. ఎడమ కన్ను మూస్తె లేదు. కుడి కన్ను మూస్తె ఉన్నది. మెరుపు, నుసి రెండూ. నుసి గోడ మీద కూడ ఎగురుతున్నది. గోడకు జొన్నపిండి ఎవరూ పుయ్యలే.

కులసుం చెప్పిన దినమే చేసి ఉంటె ఒక్క నిమిషం పని. ఇన్ని దినాలు ఒక్క లక్షణానికి ఒక్కటే కారణం ఉంటదని పట్టుకొని కూసున్న. తెర వణికింది నిజం. నా కన్ను మెరిసిందీ నిజం. రెండు బండ్లు ఒక్కతాన గుద్దుకుంటె ఒక్క బండే అనుకున్న.

ఇప్పుడు ఎవరికి చెప్పాలె? ఎట్ల చెప్పాలె? గెలిచి కూసుంటిని. "మీ కండ్లు కాదు" అని కొడుకు ముంగట చెప్పించుకుంటిని. రద్దు చేయించింది నేను కాదు అనుకోవచ్చు. ఫోన్ నవతనె చేసింది. అనుకున్న. అనుకుంటె సరిపోతలేదు.

వయసుకు వచ్చేవి అవే పోతయి. వారం చూస్త.

జులై 27

ఏం లేదు. బాగనే ఉన్న.

జులై 28

శ్రావణ సోమవారం. ఝరాసంగం గుడికి పోదమని నవత పట్టు పట్టింది. ఇద్దరం షేర్ ఆటో ఎక్కినం. ఆమె నా ఎడమ దిక్కు కూసున్నది.

దారంత పత్తి చేన్లు, కంది చాళ్ళు. చాలు ఎడమకు పోయి పోయి ఒకతాన ఆగిపోతున్నది. అవుతల చేను ఉండాలె. లేదు. చీర కొంగు అడ్డం పడ్డట్టు నల్లటి అంచు. కొంగు సర్దుకున్న. కొంగు భుజం మీదనే ఉన్నది.

"అత్తమ్మా, అరటిపండు."

నేను ముంగటికి చూస్తున్న.

"అత్తమ్మా."

మెడ మొత్తం తిప్పితె కనబడ్డది, చెయ్యి చాపి ఉన్నది. ఎంతసేపటి సంది చాపి ఉన్నదో. ఆటోల ఎదురుగ కూసున్న పెద్దమనిషి నన్ను చూసి, నవతను చూసి, తల దించుకున్నడు.

"చెవులు కూడ పోయినయా?" అన్నది నవ్వుకుంట. పండు తీసుకున్న. తినలే.

గుడి మెట్ల కాడ నా చెయ్యి పట్టుకున్నది. విదిలించుకుంట ఎప్పుడైనా. ఇయ్యాల విదిలించుకోలే. నవత నా మొఖం దిక్కు చూసింది. నేను దేవుని దిక్కు చూసిన.

ఇంటికి వచ్చినంక పిండి కలిపి రొట్టె కొడుతున్నది. వెనుక నిలబడ్డ. ఇది రాయకుంటె పండుకోలేను గనక రాస్తున్న.

"నవతా."

"ఆఁ."

"ఆ దినం పిండిల నుసి లేకుండె."

చెయ్యి ఆగింది. రొట్టె సగం గుండ్రంగ ఉన్నది.

"ఏమన్నరు?"

"పిండి మంచిదే. తెల్లగనే ఉండె."

వెనుకకు తిరిగింది. పిండి చేతులతోనె నా గదువ పట్టుకొని వెలుతురు దిక్కు తిప్పింది. పిల్లలకు పాలపండ్లు చూసినట్టు.

"ఏ కన్ను?"

"ఎడమది."

"తెర బాగైనంక కూడ ఉండెనా?"

"ఉండె."

"మెరుపులా?"

"మెరుపులు. ఇప్పుడు అంచు నల్లబడ్డది. ఆటోల నీ చెయ్యి కనబడలే."

పెంక మీద రొట్టె పొగ లేసింది.

"రొట్టె మాడుతున్నది" అన్న.

"మాడనియ్యున్రి!" అని అరిసింది. ఈ ఇంట్ల అడుగు పెట్టినప్పటి సంది ఆమె గొంతు అంత పైకి లేసుడు వినలే. "ఊరి పిల్లలందరికి సైన్స్ చెప్పిన్రు, ఒక్క కన్ను మూసి చూడ చాతకాలేదా? ఆ లాప్‌టాప్‌కు చేసిన దవాయి మీకు చేసుకోరాదా? మీ ఒక్కరికే నోరున్నదని మేం అందరం నోరు మూసుకోవాలె, మీ కన్ను పోవాలె, అంతేనా?"

తిట్టింది. బాగనే తిట్టింది. ఎక్కడ ఆపాలె, ఎక్కడ పొడవాలె అన్నీ వచ్చినయి. ఇన్నేండ్లు నా దగ్గర ఉన్నందుకు ఊకె పోలే.

"నారమ్మక్క లెక్క అయితనని..." అన్న.

ఆమె కొంగుతోని నా గదువకు అంటిన పిండి తుడిచింది. బయటికి పోయి బస్వరాజ్‌కు ఫోన్ చేసింది. "దుకాణం బంద్ చేసి రా. తెల్లారకముందె పోనీకె కార్ మాట్లాడు. ఎందుకో ఇంటికొచ్చినంక చెప్త."

జులై 29

తెల్లారకముందె హైదరాబాద్ బయలుదేరుతున్నం. మూత పెడుతున్న.

ఆగస్టు 26

అక్షరాలు పెద్దగ పెట్టుకున్న. ఆ దినం ఎడ్లంత అక్షరాలని ఎక్కిరిచ్చిన. ఇప్పుడు ఎడ్లే కావలసి వచ్చినయి. కుడి కంటితోనె రాస్తున్న, జర సేపు, నవత పోస్టాఫీసుల ఉన్నప్పుడు.

కంటి వెనుక పొర చిరిగి, గోడ సున్నం లెక్క ఊడి వస్తున్నదట. నడిమి చూపు దాకా రాలే. ఇంకొన్ని దినాలు వోల్టేజీని తిట్టుకుంట కూసుంటె అది కూడ పోయేదని డాక్టరమ్మ చెప్పింది. వోల్టేజీ మాట నాది.

"మెరుపులు ఎప్పటి సంది?" అని ఆమె అడిగితె నేను గోడ దిక్కు చూసిన. నవత చెప్పింది: "పిండి జల్లించిన దినం సంది." డాక్టరమ్మకు అర్థం కాలే. మాకిద్దరికి అయింది.

ఆపరేషన్ అయినంక కంట్ల గ్యాస్ బుగ్గ, బుడగ లెక్క, నింపి, బోర్ల పండుకోమన్నరు. పగలు రేయి బోర్లనె. అన్నం కూడ తల వంచుకొనె. ఇన్నేండ్లు ఎవరి ముంగట తల వంచలేదని డాక్టర్లకు ఎవరు చెప్పిన్రో. నవత సెలవు పెట్టి కూసున్నది. మంచం మీద నుంచి నాకు కనబడేది ఆమె కాలి మెట్టెలు ఒక్కటే. మెట్టెలతోని మాట్లాడిన. మొఖం కనబడకుంటె ఆ పిల్లతోని మాట్లాడుడు సులువుగ ఉన్నది. నారమ్మక్క సంగతులు మొత్తం చెప్పిన. పెండ్లిళ్ళు, తగాదలు, చివరికి గడప కాడి "ఎవరు?" కూడ. మెట్టెలు కదలకుంట విన్నయి.

ఆగస్టు 29

బుగ్గ కరుగుతున్నది. మేస్త్రి మట్టం చూసే గొట్టంల లెక్క, తల వంచితె ఊగుతది. గాలి కంట్ల పైకి తేలుతది, నాకు మాత్రం కింద కనబడుతది; కంటి పొర మీద బొమ్మ తలకిందులు పడుతది గనక. ఎన్ని బ్యాచులకు నల్లబల్ల మీద గీసి చెప్పిన ఆ పాఠం. అప్పుడు నమ్మలేదు అనుకుంట. ఇప్పుడు నమ్ముతున్న.

కులసుం మోకాళ్ళు పట్టుకుంట వచ్చింది. "చూసిన అన్నవు" అన్నది. అంతే. చాయ్ చల్లారకముందె తాగింది.

సెప్టెంబర్ 4

ఎడమ అంచు మొత్తం రాలే. రాదట. ఉన్నంత వరకు నిలబడుతది అన్నరు.

నుసి కొంచెం మిగిలింది. ఉంటదట. పిండి మళ్ళ జల్లించలే.

సెప్టెంబర్ 7

తెర వణుకుతలేదు. ఆలోచించుకుంట ఎంతసేపైనా కూసోవచ్చు. కాంతి పాఠంల ఆగిన వాక్యం కాడికి వచ్చి చూస్తె ఏ మాట కోసం ఆగిన్నో యాదికి లేదు. కొత్తది పెట్టిన.

దవాఖాన నుంచి వచ్చినప్పటి సంది నవత అర్రలకు అడుగు పెట్టే ముందు "నవతను" అంటది. చాయ్ తెస్తె "నవతను." బట్టలు మడత పెట్టనీకె వస్తె "నవతను." బస్వరాజ్‌కు కూడ నేర్పింది, వాడు "నేనే అమ్మా" అంటడు, నేనే అంటె ఎవడని నవత కసిరితె "బస్వరాజ్‌ను" అని ముక్కుల అంటడు. ఎందుకు గట్ల అంటున్రని నేను అడగలే. వాళ్ళూ చెప్పలే. ఇన్ని దినాలల్ల నేను "ఎవరు?" అనలే. అనే అవసరం రానియ్యలే.

ఇది టైపు చేస్తుంటె ఇప్పుడే ఎడమ దిక్కు నుంచి వచ్చి, బల్ల మీద చాయ్ పెట్టింది.

"నవతను, అత్తమ్మా."

"తెలుసులే. అడుగుల చప్పుడు విన్న."

"చెప్పులు ఇడిసి పిల్లి లెక్క వచ్చిన. చప్పుడు యాడిది?"

ఈ ఇంట్ల ఇగ ఒక్క అబద్ధం కూడ చెల్లదు. చాయ్ నాకు కనబడని ఎడమ దిక్కు పెట్టిన సంగతి ఆమె చూసుకోలేదనుకున్న; పోయే ముందు చెయ్యి పెట్టి కుడికి జరిపి పోయింది.